లాసెట్: మీరు భయపడుతున్న పేపర్లో సగం మీ టేబుల్ మీదే ఉంది

ప్రశ్న:

నమస్తే మేడం. మాది పరకాల. నాకు 36 ఏళ్లు. పదో తరగతి కాగానే పెళ్లయింది. తర్వాత ప్రైవేటుగా ఇంటర్ పాసై, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ చేశాను. 52 శాతం వచ్చింది. చాలా ఏళ్లుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఒక డాక్యుమెంట్ రైటర్ వద్ద టైపింగ్ చేస్తున్నాను. లా చదవాలని ఎప్పటినుంచో కోరిక. వచ్చే లాసెట్ రాద్దామంటే అన్నీ భయాలే. లెక్కలు పదో తరగతితోనే వదిలేశాను. చదివిందంతా తెలుగు మీడియం. మా బాబు ట్యూషన్ సారేమో, రాస్తే క్లాట్ రాయాలి, లాసెట్‌కు విలువ లేదు అంటున్నారు. తెలిసినవాళ్లు హైదరాబాద్‌లో రెండు నెలలు హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకోమంటున్నారు. అంత డబ్బు లేదు, పిల్లాణ్ని వదిలి వెళ్లే వీలూ లేదు. మా బంధువుల అబ్బాయి తను వాడిన 2016 నాటి గైడ్ ఇచ్చాడు. అది సరిపోతుందా? మా ఆయనకు కిరాణా షాపు ఉంది. ఒక రోజు ‘ఈ వయసులో ఎందుకు’ అంటారు, ఇంకో రోజు ‘సరే, నీ ఇష్టం’ అంటారు. నాకు పొద్దున ఐదు నుంచి ఆరు, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఒక గంట దొరుకుతుంది. నేను సీటు తెచ్చుకోగలనా?
– ఒక సోదరి, పరకాల

సమాధానం:

అమ్మా, భయాలన్నీ వరసగా రాసి, అసలు సంగతి మాత్రం ఒక్క ముక్కలో దాటేశారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన కూర్చుని రోజూ సేల్ డీడ్లు, గిఫ్ట్ డీడ్లు, అద్దె అగ్రిమెంట్లు టైపు చేసే మనిషికి లాసెట్ అంత కొత్తేమీ కాదు. నిన్నమొన్న డిగ్రీ పూర్తి చేసి పరీక్షకు వచ్చే కుర్రాళ్లకు స్థిరాస్తి, మైనర్, గార్డియన్, సాక్షి సంతకం అనేవి పుస్తకంలో బట్టీ పట్టే మాటలు. మీకవి రోజూ చేతుల్లో మెదిలే కాగితాలు. నేను చెప్పేదంతా ఈ విషయం చుట్టూనే తిరుగుతుంది. కాకపోతే పుస్తకం తెరిచే ముందు అర్హత సంగతి తేల్చుకోవాలి.

మూడేళ్ల ఎల్ఎల్‌బీకి డిగ్రీలో జనరల్ వాళ్లకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. మీ 52 శాతంతో దానికి ఢోకా లేదు. అసలు గండం ఇంకో చోట ఉంటుంది. ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ ఉన్నవాళ్లు చాలామంది దీన్ని పట్టించుకోరు. ఇంటర్ లేకుండా, ఎంట్రన్స్ రాసి నేరుగా డిగ్రీలో చేరినవాళ్లకు లా సీటు ఇవ్వకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల్లో ఉంది. పది, ఇంటర్, డిగ్రీ ఒకదాని తర్వాత ఒకటి వరసగా పూర్తి చేసి ఉండాలి. మీరు ఇంటర్ పాసయ్యాకే బీఏలో చేరానంటున్నారు కాబట్టి భయం లేదు. అయినా ఇంటర్ మెమో, డిగ్రీ అడ్మిషన్ కాగితం పక్కపక్కన పెట్టుకుని సంవత్సరాలు ఒకసారి సరిచూసుకోండి. ఎదుటివాళ్ల దస్తావేజులో తేదీలు తప్పు పోకుండా చూసే మీకు ఇది చెప్పాల్సిన పని కాదు గానీ, సొంత కాగితాల దగ్గరే మనందరం అశ్రద్ధ చేస్తాం.

ఇక వయసు. లాసెట్‌కు పై వయసు పరిమితి లేదు. 2016లో బార్ కౌన్సిల్ మూడేళ్ల కోర్సుకు 30 ఏళ్ల పరిమితి మళ్లీ తేబోతే, 2017 మార్చిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. మీ ఆయన ‘ఈ వయసులో’ అన్నప్పుడు ఈ ముక్క చెప్పండి. మూడేళ్ల కోర్సు క్లాసుల్లో రిటైరైన తహసీల్దార్లు, బ్యాంకు ఉద్యోగులు ముందు బెంచీల్లో కూర్చోవడం మామూలే. వాళ్ల మధ్య మీరు చిన్నపిల్ల కింద లెక్క.

ట్యూషన్ సారు క్లాట్ అన్నది మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ అది మీ దారి కాదు. షామీర్‌పేటలోని నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ లాంటి జాతీయ సంస్థల్లో ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ల కోర్సుకూ, ఎల్ఎల్ఎంకూ క్లాట్ పెడతారు. పేపర్ పూర్తిగా ఇంగ్లీషులో ఉంటుంది. పేజీలకు పేజీలు ప్యాసేజీలు చదవాలి, తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. జనరల్ వాళ్లకు దరఖాస్తు ఫీజే రూ.4,000. మీ బాబు ఇంటర్‌కు వచ్చాక ఆ సారుతోనే దాని గురించి మాట్లాడండి. లాసెట్‌కు విలువ లేదన్న మాట మాత్రం సరికాదు. బార్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న ఏ కాలేజీలో చదివినా అడ్వకేటుగా ఎన్‌రోల్‌మెంట్ ఒకటే, వేసుకునే నల్లకోటూ ఒకటే.

ఇప్పుడు పేపర్‌కు వద్దాం. మొత్తం 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, కంప్యూటర్ మీద రాయాలి. పార్ట్ ఎలో జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30. పార్ట్ బిలో కరెంట్ అఫైర్స్ 30. పార్ట్ సిలో లా చదవడానికి పనికొచ్చే పరిజ్ఞానం మీద 60. తప్పు రాస్తే మార్కు పోదు. అర్హత మార్కు 35 శాతం, అంటే 42. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కు కూడా లేదు. ర్యాంకుల్లో ఇద్దరికి సమానంగా వస్తే ముందు పార్ట్ సి మార్కులు, తర్వాత పార్ట్ బి మార్కులు చూస్తారు.

ఈ అంకెలు చూస్తే మీకే అర్థమవుతుంది. మీరు నిద్ర పాడుచేసుకుంటున్న లెక్కలు ఆ మొదటి 30లో ఒక భాగం మాత్రమే. సగం పేపర్ న్యాయశాస్త్రమే. అయినా సరే, లెక్కలంటే టెన్షన్ అన్నారు కాబట్టి ముందు ఆ సంగతే చూద్దాం, ఎందుకంటే మీకు లెక్కలు రావన్న మాట నేను నమ్మను.

200 గజాల ప్లాటు, గజం మార్కెట్ విలువ రూ.4,500 అనుకోండి. స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం ఎంతవుతుందో పార్టీ అడిగితే మీరు కాలిక్యులేటర్ తీసేలోపే నోటితో చెప్పేస్తారు. విలువ తొమ్మిది లక్షలు, పది శాతం 90 వేలు, అందులో పావు వంతు తీసేస్తే 67,500. పరీక్షలో శాతాల ప్రశ్న ఇంతకన్నా కష్టంగా ఉండదు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు అని లెక్క కట్టేవాళ్లకు నిష్పత్తులు కొత్త కాదు. దిక్కుల ప్రశ్నలుంటాయి: ఒకతను ఇంటి నుంచి ఉత్తరానికి మూడు కిలోమీటర్లు నడిచి, కుడివైపు తిరిగి నాలుగు కిలోమీటర్లు వెళ్లాడు, ఇంటికి ఎంత దూరంలో ఉన్నాడు? కాగితం మీద గీస్తే తూర్పువైపు తిరిగాడని తెలిసిపోతుంది, జవాబు ఐదు. మీరు రోజూ దస్తావేజులో నాలుగు వైపులా హద్దులు రాసేటప్పుడు మనసులో గీసుకునే బొమ్మ ఇదే. ఇక రక్తసంబంధాలు. ఒకామె ఫొటో చూపిస్తూ ‘ఇతను మా అమ్మకున్న ఒక్కగానొక్క కొడుక్కి కొడుకు’ అంటే ఆమెకు అతనేమవుతాడు? మేనల్లుడు. వారసుల మధ్య పంపకాల దస్తావేజుకు వంశవృక్షం గీసిన చేతికి ఇలాంటివి నిమిషం పని. అదే చెట్టు పరీక్ష హాల్లో ఇచ్చే రఫ్ కాగితం మీద గీయండి.

నిజంగా కొత్తగా నేర్చుకోవాల్సినవి సంఖ్యల వరసలు, కోడింగ్-డీకోడింగ్, క్యాలెండర్, గడియారం ప్రశ్నలు. 3, 7, 15, 31 తర్వాత ఏమొస్తుందంటే రెట్టింపు చేసి ఒకటి కలుపుతున్నారని గమనించాలి, 63. వీటిలో రకాలు తక్కువ. పాత పేపర్లు నాలుగు చేస్తే రకాలన్నీ మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. అర నిమిషంలో దారి తోచకపోతే వదిలేసి ముందుకెళ్లండి, అంతే. వీటికోసం రాత్రి గంటలో ఇరవై నిమిషాలు మించి పెట్టొద్దు.

పార్ట్ సి దగ్గరే మీ ర్యాంకు తేలుతుంది. ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను.

పదిహేడేళ్ల కుర్రాడు వయసు దాచిపెట్టి, ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు. అప్పిచ్చినాయన ఆ తాకట్టును అమలు చేయించుకోగలడా? ఇది లా ఎంట్రన్సుల్లో తరచూ కనిపించే తరహా ప్రశ్న. దీని వెనక మొహరీ బీబీ వర్సెస్ ధర్మోదాస్ ఘోష్ అనే కేసుంది. కలకత్తాలో ధర్మోదాస్ మైనరుగా ఉన్నప్పుడు రూ.20,000 అప్పుకు ఇల్లు తాకట్టు రాశాడు. 1903లో ప్రివీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ పాలనలో మన కేసులకు ఆఖరి అప్పీలు కోర్టు, ఆ ఒప్పందం మొదటి నుంచే చెల్లదని తేల్చింది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 11 ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. ఇది చదివేటప్పుడు మీ ఆఫీసులో పార్టీ ఆధార్ కార్డు అడిగి పుట్టిన తేదీ ఎందుకు చూస్తారో గుర్తు తెచ్చుకోండి. తండ్రి చనిపోయిన పిల్లవాడి పేరున ఉన్న ప్లాటును తల్లి అమ్ముతానని వస్తే కోర్టు పర్మిషన్ తెమ్మని మీ రైటర్ గారు వెనక్కి పంపే ఉంటారు. అది 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సెక్షన్ 8.

అద్దె అగ్రిమెంట్లు పదకొండు నెలలకే ఎందుకు టైపు చేస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? ఏడాది దాటిన లీజును తప్పకుండా రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 చెప్తుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికే పదకొండు. గిఫ్ట్ డీడ్‌కు ఇద్దరు సాక్షులు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నది ఆస్తి బదిలీ చట్టం, 1882, సెక్షన్ 123. దస్తావేజు రాసుకున్నాక నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు తేవాలన్నది రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 23. పని మీకు ఎప్పుడో వచ్చేసింది. దానికి చట్టం పేరు, సంవత్సరం తగిలించుకోవడమే మిగిలింది.

అందుకే ఒక చిన్న పద్ధతి చెప్తాను. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని, ఎడమ పేజీలో చట్టం, సెక్షన్, కేసు పేరు రాయండి. కుడి పేజీలో అదే విషయం మీ ఆఫీసులో ఎలా ఎదురవుతుందో రెండు మూడు లైన్లలో రాయండి. పార్టీల పేర్లు మాత్రం రాయకండి. వాళ్ల కాగితాలు వాళ్లవి.

అయితే ఈ ఆఫీసు తెలివితో ఒక ప్రమాదం ఉంది, దాన్ని కూడా చెప్పాలి. బయట నడిచేది వేరు, చట్టం చెప్పేది వేరు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మేశాం, కొనేశాం అనుకునేవాళ్లు మన చుట్టూ ఎంతమందో. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి జీపీఏ అమ్మకాలతో యాజమాన్యం బదిలీ కాదని స్పష్టంగా చెప్పింది. వీలునామా స్టాంపు కాగితం మీదే రాయాలని, రిజిస్టర్ చేయకపోతే చెల్లదని మీ టేబుల్ ముందే ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. తెల్లకాగితం మీద రాసినా, ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ వాళ్ల ఇష్టం. నోటరీ స్టాంపు పడితే ఇల్లు చేతులు మారినట్టే అనుకోవడం ఇంకో భ్రమ. పరీక్షలో నాలుగు ఆప్షన్లలో ఒకటి సరిగ్గా ఈ వాడుక నమ్మకమే అయి ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లే చటుక్కున దాన్ని నొక్కేస్తారు. ‘మా దగ్గర ఇలా చేస్తాం’ అని మనసు చెప్పినప్పుడు ఒక్క క్షణం ఆగి, చట్టం ఏమందో గుర్తు తెచ్చుకుని నొక్కండి.

ఇదే చోట ఆడపిల్లల వాటా గురించి కూడా చదవండి, మీకు ఎలాగూ ఆసక్తిగానే ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో, 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. దేశమంతా కూతుళ్లకు ఆ హక్కు వచ్చింది 2005లో. తండ్రి ఆ నాటికి బతికి ఉండాలా అన్న గొడవను 2020లో వినీతా శర్మ కేసు తేల్చింది, అక్కర్లేదని. చెల్లెళ్ల చేత హక్కు విడుదల దస్తావేజు మీద సంతకాలు పెట్టించడానికి వచ్చే అన్నదమ్ములను చూస్తూనే ఉంటారు కదా. ఆ సంతకం ఎందుకు అవసరమైందో ఈ మూడు తేదీల్లో ఉంది.

మీ టేబుల్ మీదకు రానివి రెండున్నాయి: టార్ట్స్ (ఒకరి తప్పుతో ఇంకొకరికి నష్టం జరిగితే పరిహారం ఇప్పించే సివిల్ చట్టం), క్రిమినల్ లా. వీటిని మొదటి నుంచి చదవాలి. టార్ట్స్‌లో సూత్రాలు కొన్నే, ఒక్కోదానికీ ఒక కథ ఉంటుంది కాబట్టి గుర్తుంటాయి. సీసాలో నత్త అవశేషాలు వచ్చిన కూల్‌డ్రింకు కేసు డోనగ్యూ వర్సెస్ స్టీవెన్‌సన్, 1932, తయారీదారు జాగ్రత్త గురించి. తన స్థలంలో నిల్వ చేసిన ప్రమాదకర వస్తువు బయటికొచ్చి పక్కవాడికి నష్టం చేస్తే, నిర్లక్ష్యం లేకపోయినా బాధ్యత వహించాలన్నది రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్, 1868. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. ఢిల్లీ ఓలియం గ్యాస్ లీకు తర్వాత ఎం.సి. మెహతా కేసులో (1987) మన సుప్రీంకోర్టు ప్రమాదకర పరిశ్రమలకు ఆ మినహాయింపులు కూడా ఉండవంది. 2020 మేలో విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకైనప్పుడు పేపర్లలో ఈ రెండు కేసుల పేర్లే మళ్లీ కనిపించాయి.

ఇక ఆ 2016 గైడ్. పారేయకండి, అలాగని నమ్మకండి. అందులో క్రిమినల్ లా పేజీలన్నింటి మీద పెన్సిల్‌తో అడ్డగీత పెట్టండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. హత్య 302 కాదు, ఇప్పుడు 103. జనం నోట్లో నానిన ఫోర్ ట్వంటీ ఇప్పుడు 318. భర్త, అత్తింటివారి క్రూరత్వం 498-ఎ కాదు, 85. ఎఫ్ఐఆర్ 154 నుంచి 173కి, నిషేధాజ్ఞల 144 నుంచి 163కి మారాయి. పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన ఒక పేజీలో రాసుకుని పూజగది తలుపుకో ఫ్రిజ్‌కో అంటించండి. ఇంకా ఆ గైడ్లో 29 రాష్ట్రాలు అని ఉంటుంది, ఇప్పుడు 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు. వినియోగదారుల చట్టం 1986ది ఉంటుంది, ఇప్పుడు 2019ది. గోప్యత ప్రాథమిక హక్కు అన్న 2017 పుట్టస్వామి తీర్పు, 2018లో కొట్టేసిన ఐపీసీ 497 (వ్యభిచారం నేరమన్న సెక్షన్), 2019లో ఆర్థికంగా వెనకబడిన వర్గాలకు పది శాతం ఇచ్చిన 103వ సవరణ, 2023లో చట్టసభల్లో మహిళా రిజర్వేషన్ల 106వ సవరణ, ఇవేవీ అందులో ఉండవు. ప్రశ్నలు అడిగేవాళ్లకు ఇష్టమైనవి కూడా ఇవే. కొత్త గైడ్ ఒక్కటి, 2024 జులై తర్వాత అచ్చయినది చూసి కొనండి. అట్ట మీద కొత్త సంవత్సరం వేసి లోపల పాత సెక్షన్లే ఉంచేవాళ్లూ ఉన్నారు. కాబట్టి షాపులోనే హత్య సెక్షన్ ఉన్న పేజీ తిప్పి చూసి కొనండి.

రాజ్యాంగానికి గైడ్ కన్నా తెలుగు అకాడమీ వారి ఇంటర్ రెండో సంవత్సరం పౌరశాస్త్రం పుస్తకం మేలు. మీ బంధువుల్లో ఎవరి ఇంట్లోనో అటక మీద ఉంటుంది. పీఠిక, 12 నుంచి 35 దాకా ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, 51-ఎ ప్రాథమిక విధులు, 32, 226 కింద కోర్టులు ఇచ్చే ఐదు రకాల ఆదేశాలు (రిట్లు), రాష్ట్రపతి, పార్లమెంటు, కోర్టులు. సవరణల్లో 42, 44, 73, 74, 86, 101. ఆస్తి హక్కు మీ పనికి సంబంధించినదే కాబట్టి ముందు దాని కథ చదవండి. ఒకప్పుడు ప్రాథమిక హక్కు, 1978లో 44వ సవరణతో మామూలు చట్టబద్ధ హక్కుగా 300-ఎకి వెళ్లింది. పార్లమెంటుకు ప్రాథమిక హక్కులు తగ్గించే అధికారం లేదని 1967లో గోలక్‌నాథ్ కేసులో తీర్పు రాసినది మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. దాన్ని 1973లో పదమూడు మంది జడ్జీలు కేశవానంద భారతి కేసులో మార్చి, సవరించొచ్చు గానీ మౌలిక స్వరూపం ముట్టుకోకూడదన్నారు, అదీ ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపు. ఈ కథ వరసలో చదివితే ఆర్టికల్ నంబర్లు వాటంతటవే గుర్తుంటాయి.

కరెంట్ అఫైర్స్‌కు రోజూ ఒక తెలుగు పేపరు చాలు. మీ ఆయన షాపుకు వస్తే సరే, లేదంటే గ్రంథాలయంలో. అవార్డులు, క్రీడలు, నియామకాలు, కొత్త చట్టాలు, సుప్రీంకోర్టు తీర్పులు, మన రాష్ట్ర పథకాలు. సినిమా, రాజకీయ తిట్లు దాటేయండి. కోర్టు వార్త వచ్చినప్పుడు దాన్ని పార్ట్ సికి కూడా వాడుకోండి: కొత్త ప్రధాన న్యాయమూర్తి ప్రమాణం చేశారని చదివితే ఆర్టికల్ 124, సుప్రీంకోర్టు జడ్జి రిటైర్మెంటు 65 ఏళ్లు, హైకోర్టు జడ్జిది 62 అని కలిపి రాసుకోండి. పరీక్షకు ముందు ఏడాది వార్తలు ఒకసారి తిరగేస్తే చాలు.

పొద్దున గంట పార్ట్ సికి ఇవ్వండి, అప్పుడు బుర్ర తేటగా ఉంటుంది. రాత్రి ఇరవై నిమిషాలు మెంటల్ ఎబిలిటీ, మిగతాది పేపరు నోట్సు. ఆదివారం ఒక పాత పేపరు, ఫోన్లో 90 నిమిషాల అలారం పెట్టుకుని, మధ్యలో లేవకుండా. తప్పిన ప్రశ్నలు ఎందుకు తప్పాయో రాసుకోవడానికి ఇంకో గంట. ఈ మధ్య ఏళ్లలో తెలంగాణ లాసెట్ ఎక్కువగా మే, జూన్ నెలల్లో జరుగుతోంది. నాలుగైదు నెలలు ఇలా నడిస్తే సరిపోతుంది.

కోచింగ్ మాటకొస్తే, మీకు హైదరాబాద్ వద్దు. రెండు నెలల హాస్టలు డబ్బుతో మొదటి ఏడాది పుస్తకాలు, బస్సు పాసు వచ్చేస్తాయి. క్లాసులో చెప్పేది అదే గైడ్. ఆన్‌లైన్ మాక్ టెస్టులు మాత్రం కొన్ని రాయండి. టైపింగ్ వచ్చు కాబట్టి కంప్యూటర్ అంటే బెదురుండదు, కానీ స్క్రీన్ మీద ప్రశ్న చదివి వెంటనే నొక్కడం వేరే అలవాటు.

దరఖాస్తులో తెలుగు మీడియమే పెట్టండి. ప్రశ్న తెలుగుతో పాటు ఇంగ్లీషులోనూ కనిపిస్తుంది. తెలుగు అనువాదం గజిబిజిగా ఉన్నచోట ఇంగ్లీషు లైను చూడండి. అందుకే నోట్‌బుక్‌లో ముఖ్యమైన మాటలు రెండు భాషల్లోనూ రాయమంటున్నాను. రేపు కాలేజీలో, హైకోర్టులో ఎలాగూ ఇంగ్లీషుతో పని పడుతుంది, ఇప్పటి నుంచే కొంచెం కొంచెంగా పరిచయం చేసుకోండి.

పరీక్షలో ప్రశ్నకు ముప్పావు నిమిషం వస్తుంది. పార్ట్ ఎతోనే మొదలుపెట్టాలని రూలేం లేదు. ముందు పార్ట్ సి తెరవండి. తెలిసినవి గబగబా అయిపోతే ధైర్యం వస్తుంది. తర్వాత కరెంట్ అఫైర్స్. అవి తెలుసో తెలియదో అన్నట్టు ఉంటాయి, ఆలోచించినా రావు. లెక్కలు చివర. ఆఖరి ఐదు నిమిషాలు ఖాళీగా ఉన్నవన్నీ నింపడానికి. మార్కు పోదు కాబట్టి ఒక్కటి కూడా వదలొద్దు.

42 వస్తే అర్హత వస్తుంది, కానీ మీరు దాని కోసం చదవొద్దు. మీకు దగ్గర్లో హనుమకొండ సుబేదారిలో కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ ఉంది. యూనివర్సిటీ కాలేజీలో సీటంటే ఫీజు భారం తక్కువ. దానికి మంచి ర్యాంకు కావాలి. అక్కడ రాకపోతే వరంగల్ చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీలో చేరడానికి సిద్ధంగా ఉండండి, అందులో చిన్నతనమేమీ లేదు.

ఇంకో సంగతి. మీరు ప్రైవేటుగా, ఓపెన్‌లో చదివారు కాబట్టి స్థానికత కోసం స్టడీ సర్టిఫికెట్ల బదులు నివాస ధ్రువపత్రం అడుగుతారు. అది కౌన్సెలింగ్ రోజుల్లో పరుగెత్తి తెచ్చుకునేది కాదు. కులం, ఆదాయం కాగితాలు వర్తిస్తే వాటితో పాటు మీసేవలో ఇప్పుడే అప్లై చేయండి.

మీ ఆయన రెండు రకాలుగా మాట్లాడుతున్నారంటే ఆయనకూ లెక్క తేలలేదన్నమాట. పరీక్ష గురించి కాదు, ఆ తర్వాత మూడేళ్ల గురించి ఆయనతో మాట్లాడండి. లా దూరవిద్యలో లేదు. 70 శాతం హాజరు ఉండాలి. పరకాల నుంచి హనుమకొండకు రోజూ బస్సు, మధ్యాహ్నం తర్వాత ఆఫీసు అంటే ఇంట్లో పొద్దుటి పనులు, బాబు టిఫిన్ బాక్సు, షాపు తెరవడం ఎవరు చూసుకుంటారో ముందే అనుకోవాలి. అలాగే మీ రైటర్ గారిని కూడా అడగండి, మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం దాకా పని, జీతం బదులు డాక్యుమెంటుకింత అని ఇస్తారేమో. ఆయన కాదంటే ఇప్పుడే తెలియడం మంచిది, ఇంకెవరిని అడగాలో చూసుకునే టైముంటుంది.